సగటు ఎవరి చేలో పండింది?

కూచిపూడి పేరు వినగానే లోకానికి నాట్యం గుర్తొస్తుంది. ఊరు దాటి అడుగు బయట పెడితే నాలుగు దిక్కులా వరి. మొవ్వ మండలం నుంచి ఇటు గుడివాడ, అటు దివిసీమ దాకా మార్గశిరం వచ్చిందంటే కోతలు, కుప్పలు, బస్తాల లెక్కలు. ఆ లెక్కల్లో రైతుల నోట బాగా నలుగుతున్న మాట ‘సగటు’. బళ్లో అది ఒక భాగహారం. పత్రికలో అది ఒక మనిషి: సగటు రైతు, సగటు ఓటరు, సగటు ప్రేక్షకుడు. బీమా కాగితంలో అది డబ్బు వస్తుందో రాదో తేల్చే తీర్పు. ఒకే మాట చేత ఇన్ని పనులు చేయిస్తే ఎవరో ఒకరు నష్టపోతారని నా నమ్మకం. అందుకే రెండు పక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు కూచిపూడిలో ఉంటున్న రిటైరైన లెక్కల మాస్టారు. రెండోవారు ఆయన దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు మూడెకరాలు కౌలుకు చేస్తున్న ఆవిడ. ఇద్దరూ కల్పితం. వాళ్ల మధ్య తగువు మాత్రం డెల్టాలో ఏటా జరిగేదే.

రైతు: మాస్టారూ, అన్నీ కూడి, ఎన్నున్నాయో దాంతో భాగించమని మీరే నేర్పారు. పరీక్షలో నాకు ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు అదే లెక్క నా కొంప ముంచింది. నేను చేసే పల్లపు చేలో ఎకరానికి పది బస్తాలొచ్చాయి. ఊరి సగటు బాగానే ఉంది కాబట్టి బీమా రాదన్నారు. నా చేలో పండని గింజల్ని నా పేరున ఎలా రాస్తారండీ?

మాస్టారు: నీ పేరున రాయలేదమ్మాయ్, ఊరి పేరున రాశారు. సగటు ఏనాడూ ఒక మనిషి గురించి మాట్లాడదు, గుంపు గురించి మాట్లాడుతుంది. గుంపులో ఏ ఒక్కరికీ ఆ అంకె సరిపోకపోయినా లెక్క తప్పయిపోదు.

రైతు: ప్రీమియం గుంపు కట్టదు కదండీ. ఖరీఫ్ వరికి బీమా మొత్తంలో నూటికి 2 రూపాయలు రైతు వాటా. ఎవరి ఎకరాలకి వాళ్లమే. కౌలు కార్డు నా ఒక్కదాని పేరునే ఉంది. కట్టించుకునేటప్పుడు విడివిడిగా, నష్టం చూసేటప్పుడు అందరినీ కలిపేసి చూస్తామంటే అదేం న్యాయం?

మాస్టారు: న్యాయం తర్వాత మాట్లాడదాం, ముందు పద్ధతి చూడు. ఫసల్ బీమా 2016లో వచ్చింది. వరి లాంటి పెద్ద పంటకి గ్రామం యూనిట్. ఊళ్లో నాలుగు చోట్ల పంట కోత ప్రయోగం చేస్తారు. ఏ సర్వే నంబరు, ఆ చేలో ఏ మూల అన్నది ఎవరి ఇష్టమూ కాదు, పట్టికలోంచి తీసిన అంకెలు చెప్తాయి. అక్కడ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి కట్టి, కోసి, నూర్చి, తూస్తారు. అంటే ఎకరంలో సుమారు 160వ వంతు. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండే చేలో ఆ గడిలో ఇంచుమించు 14 కిలోలు వస్తాయి. నాలుగు గడుల సగటే ఊరి దిగుబడి. దాన్ని దేనితో పోలుస్తారూ అంటే, గడిచిన ఏడేళ్లలో మంచి పంట వచ్చిన ఐదేళ్ల సగటు తీసి, అందులో నూటికి డెబ్బయ్యో, ఎనభయ్యో, తొంభయ్యో హామీ దిగుబడిగా పెడతారు. ఊరి దిగుబడి ఆ హామీ కన్నా ఎంత తగ్గితే అంత వంతున పరిహారం.

రైతు: అంకెలేసి చెప్పండి. మీరు బోర్డు మీద అంకెలేస్తేనే నాకు అర్థమయ్యేది.

మాస్టారు: మంచి ఏళ్ల సగటు 35 బస్తాలు. నూటికి ఎనభై అంటే హామీ 28. ఈ ఏడు నాలుగు గడుల లెక్క ఎకరానికి 36, 34, 32, 10 వచ్చింది. కూడితే 112. నాలుగుతో భాగిస్తే 28. హామీ 28, దిగుబడి 28. తేడా లేదు. ఎవరికీ పైసా రాదు.

రైతు: చూశారా! ఆ పది నాది. ఐదేళ్ల సగటు నా మీద, నూటికి ఎనభై నా మీద, పక్కవాళ్ల ముప్పై ఆరూ నా మీదే. నేను పోగొట్టుకున్న పంటని పైన మెరక చేలవాళ్లు తమకు తెలియకుండానే పూడ్చిపెట్టేశారు.

మాస్టారు: ఇంకో సంగతి గమనించావా? సగటు అంటే సగం మంది పైన, సగం మంది కింద ఉంటారని చాలామంది అనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉంటాయి గనక అలా అనిపిస్తుందేమో. ఇక్కడ ముగ్గురు పైన, ఒక్కదానివి కింద. ఒక్క చేను బాగా పడిపోతే సగటుని తనవైపు లాగుతుంది, కానీ తన దాకా లాగలేదు. అందుకే పదో తరగతిలో సగటుతో పాటు మధ్యగతం, బాహుళకం కూడా చెప్తాం. పరీక్ష అయిపోగానే ఆ రెండూ జనం నోట్లోంచి పోయాయి, సగటు ఒక్కటే మిగిలింది. 2018–19 కేంద్ర సర్వేలో దేశంలో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు అన్నారు. యాభై ఎకరాల ఆసామీ, నువ్వూ అందులోనే కలిసిపోయారు. అలాంటి చోట మధ్యగతం చెప్పడం మేలు. వరసగా నిలబెట్టి నడుమ ఉన్నవాడి ఆదాయం చెప్తే మామూలు ఇంటి సంగతి తెలుస్తుంది.

రైతు: అయితే మా ఊరికి కూడా మధ్యగతం వెయ్యండి.

మాస్టారు: వేస్తే... 10, 32, 34, 36. నడుమ రెండూ 32, 34. వాటి మొత్తంలో సగం 33.

రైతు: ముప్పై మూడా? సగటు 28 అయినా నా పదిని కొంచెం లెక్కలోకి తీసుకుంది. మీ మధ్యగతానికి నేను పది పండించినా ఒకటే, సున్నా పండించినా ఒకటే. ఆదాయం లెక్కలో పెద్దాసామీని పక్కన పెట్టినట్టే, పంట లెక్కలో నన్ను పక్కన పెట్టేసింది. మందు మారిస్తే రోగం ముదిరింది మాస్టారూ.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను. నీ కష్టానికి మధ్యగతం జవాబు కాదు.

ఇక్కడ ఆగి నా మాట ఒకటి చెప్పాలి. సగటు మీద కోపం వచ్చినప్పుడల్లా దానికి బదులు మరో అంకె పెట్టమనడం పత్రికలవాళ్లకీ, మేధావులకీ అలవాటు. ఏ ఒక్క అంకె అయినా నలుగురి బతుకుని ఒక్కటిగా కుదించేదే. ఏ అంకె ఎవరిని మింగుతుందో ముందు అడగాలి. ఈవిడ ఆ ప్రశ్న అడిగింది.

రైతు: ఇంకో అన్యాయం చెప్తాను. 2023 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆగస్టులో చినుకు లేదు.

మాస్టారు: దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలు చూస్తే అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. పైన సాగర్ కూడా నిండలేదు.

రైతు: కాలువ చివరి చేలకి నీళ్లు ఎక్కక ఇంజన్లు పెట్టి తోడుకున్నాం. ఎలాగో పంట కోతకొచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటింది. కోసిన చేలలో పనలు నీళ్లలో నానాయి, కొయ్యని చేను నేలకొరిగింది. గింజ చేలోనే మొలకెత్తింది. ఎండినప్పుడు ఎండింది, మునిగినప్పుడు మునిగింది. ఏడాది వాన మొత్తం కూడి సాధారణం పక్కన పెడితే ఆ రెండు దెబ్బలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మా అమ్మాయి కళాపీఠంలో నాట్యం నేర్చుకుంటోంది. ఆదితాళం ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు. ఒక ఆవర్తనంలో ఏడు వేసి, తర్వాతి దాంట్లో తొమ్మిది వేసిందనుకోండి. సగటు ఎనిమిదే. నట్టువాంగం చేసే గురువుగారు ఊరుకుంటారా? తాళం తప్పావు, మళ్లీ మొదలుపెట్టు అంటారు. పైరు కూడా అంతే. ఈనిక దశలో దక్కని తడి కోతప్పుడు రెండింతలు పోస్తే తీరేది కాదు.

మాస్టారు: నీ పోలిక బాగుంది. నేను ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసినా ఇంత సూటిగా చెప్పలేదు. వాతావరణ శాఖ కూడా జిల్లా వానని ముప్పై, యాభై ఏళ్ల సగటు పక్కన పెట్టి, 19 శాతం అటూ ఇటూ ఉంటే ‘సాధారణం’ అంటుంది. అది పొరపాటు కాదు, వాళ్లకి కావలసింది పెద్ద ప్రాంతపు పోకడ. ఆ మాట పేపర్లోకి వచ్చేసరికి ‘సాధారణ వర్షపాతం’ అంటే రైతుకి ఇబ్బంది లేదని చదువుతున్నారు. తేడా అంతా అక్కడుంది.

రైతు: దివిసీమ ఉప్పెన, 1977 నవంబరు 19. పదివేల మందికి పైగా పోయారు. మా అమ్మమ్మది నాగాయలంక వైపు, ఆమె చెప్పేది. ఆ సంఖ్యని తర్వాత గడిచిన ఏళ్లకి పంచితే ఏడాదికి రెండొందలు వస్తుందేమో. ఎవరైనా అలా చెప్తే వినగలమా?

మాస్టారు: వినకూడదు. ఒక్క రాత్రి జరిగినదాన్ని ఏళ్ల మీద పంచడం లెక్కకే అవమానం. కాని ఉప్పెనకి కరకట్ట ఎంత ఎత్తు కట్టాలో తేల్చాలన్నా, తుపాను షెల్టర్లు ఎన్ని కావాలో తేల్చాలన్నా పాత ఏళ్ల అంకెలన్నీ కూర్చి చూడాల్సిందే. అంకెలొద్దని ఎలా అంటాం?

రైతు: అంకెలొద్దని నేనన్లేదు. నా అంకె నాకు చూపించమంటున్నాను.

మాస్టారు: ఇప్పుడు నా పక్షం విను. ప్రతి చేనుకీ విడిగా నష్టం లెక్కగడితే ఏమవుతుందో ఆలోచించావా? ఊళ్లో వందల కమతాలు. ఒక్కో చేను చూసి ఇంత పోయిందని రాసే మనిషి చేతిలో మీ బతుకు పెట్టినట్టే. ఎవరికి ఎక్కువ రాస్తాడు? తెలిసినవాడికి, చెయ్యి తడిపినవాడికి. పైగా పంట పోతేనే డబ్బు వస్తుందంటే కలుపు తియ్యకుండా వదిలేసేవాడు కూడా ఉంటాడు. ఊరి సగటు మీద ఇచ్చేటప్పుడు నీ చేను నువ్వు పాడుచేసుకుంటే నీకే నష్టం, సగటు కదలదు. అందుకని ఈ పద్ధతి పుట్టింది. 1920లోనే మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి అనే ఆయన వాన లెక్కని బట్టి ప్రాంతమంతటికీ ఒకే తీరున బీమా ఇవ్వొచ్చని పుస్తకం రాశాడు. డెబ్బైల్లో ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ దిగుబడి మీద దాన్ని నిలబెట్టాడు. 1985లో దేశవ్యాప్త పంటల బీమా ఆ దారినే వచ్చింది. పంట కోత ప్రయోగాన్ని శాస్త్రంగా నిలబెట్టినవాళ్లు మహలనోబిస్, సుఖాత్మే. మహలనోబిస్ పెట్టిన కలకత్తా సంస్థలోనే మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు పెరిగి పెద్దవాడయ్యాడు. ఆయన చిన్నప్పుడు నూజివీడులో, నందిగామలో చదువుకున్నవాడు. కొద్ది గింజలు తూచి మొత్తం పంట చెప్పడం, ఆ చెప్పిన దాంట్లో తప్పు ఎంత ఉండొచ్చో కూడా చెప్పడం, ఇది వాళ్ల బలం. చిన్న విద్య కాదు.

రైతు: తప్పు ఎంత ఉండొచ్చో చెప్పడం అన్నారే, అది మాకు ఎవరు చెప్పారు? ఊరి సగటు 28 అన్నారు. ఇరవై ఎనిమిదికి ఇటు ఎంత, అటు ఎంత అని ఏ కాగితంలోనూ లేదు. మీ శాస్త్రం రెండు మాటలు చెప్తే ఆఫీసుకి ఒక మాటే చేరింది. మా ఊరికి సగం మాటే వచ్చింది.

మాస్టారు మౌనంగా ఉండే మనిషి కాదు. అయినా ఇక్కడ ఆయనకి జవాబు దొరకదు, దొరకాలని నేనూ అనుకోవడం లేదు. ఈ తగువంతటిలో నాకు అన్నిటికన్నా బరువైన మాట ఇదే. గణితంలో సగటు ఒంటరిగా తిరగదు. దాని వెంట చెదురు ఎంతో చెప్పే అంకె, విచలనం, ఉంటుంది. వాడుకలోకి వచ్చేటప్పుడు ఆ జోడీని విడదీసి సగటుని ఒక్కదాన్నే తెచ్చుకున్నాం. ‘సగటు మనిషి’ పుట్టింది అలాగే. 1835లో బెల్జియం శాస్త్రవేత్త కెట్లే సగటు మనిషి అనే ఊహని ప్రవేశపెట్టాడు. అతని దృష్టిలో అది ఆదర్శం. 1950 ప్రాంతంలో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచి, పది కొలతల్లో అందరి సగటుకి దగ్గరగా ఎంతమంది ఉన్నారని చూసింది. పదింటిలోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు. దాంతో విమానంలో సీటు, పెడళ్లు ఎవరికి వాళ్లు జరుపుకునేలా చేశారు. పైలట్ ప్రాణం విలువైనది గనక వాళ్లు వెంటనే సగటుని పక్కన పెట్టారు. ఎకరం కౌలుకు చేసేవారి విషయంలో ఆ తొందర ఎవరికీ పుట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మాస్టారు: సరే, చెదురు సంగతి నీదే నిజం. నాలుగు గడులే కోస్తే అదృష్టం మీద పోతుంది. ఈసారి ఒక గడి పల్లంలో పడింది, సగటు 28 వచ్చింది. అదే రెండు గడులు పల్లంలో పడి, 36, 34, 12, 10 వచ్చుంటే మొత్తం 92, సగటు 23. హామీ కన్నా ఐదు తక్కువ, అంటే నూటికి దాదాపు 18 వంతున పరిహారం. ఊళ్లో అందరికీ. ముప్పై ఆరు పండిన ఆయనకి కూడా.

రైతు: నా నష్టానికి ఆయనకెందుకండీ డబ్బు?

మాస్టారు: ఒక ఏడు నీ నష్టాన్ని అతని పంట కప్పేస్తుంది, ఇంకో ఏడు నీ నష్టంతో అతనికి డబ్బొస్తుంది. రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. మరి తప్పు తగ్గాలంటే కోతలు పెంచాలి. తప్పు సగానికి తగ్గాలంటే కోతలు రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు చెయ్యాలి. నాలుగు గడులు పదహారు కావాలి. ప్రతి ఊళ్లో పదహారు కోతలంటే కోసే మనుషులెక్కడ? కోతలు మొదలైతే పది రోజుల్లో మిషన్లు చేలు ఊడ్చేస్తాయి.

రైతు: ఉపగ్రహాలతో చూస్తున్నారంట కదా ఇప్పుడు?

మాస్టారు: చూస్తున్నారు. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకి ఉపగ్రహ అంచనాకి కనీసం నూటికి 30 పాలు బరువిచ్చి, కోత లెక్కతో కలపమన్నారు. అంటే భారిత సగటు. నీళ్లు నిలిచిన చేను పైనుంచి బాగానే కనిపిస్తుంది. కానీ చివరికి అంకె మళ్లీ ఊరి మొత్తానికే. ఇంకో దారి కూడా ఉంది. కోసి ఆరబెట్టిన పనలు రెండు వారాల్లోపు తుపానుకి తడిస్తే చేను చేనుగానే చూడాలని నిబంధన. 72 గంటల్లో చెప్పుకోవాలి.

రైతు: మిచౌంగ్ వెళ్లిన మూడు రోజులు కరెంటే లేదు, ఫోన్లు పలకలేదు. నిబంధన రాసినవాళ్లు తుపాను ఎప్పుడైనా చూశారా అనిపిస్తుంది. పోనీండి. మీరు ఇందాక దండేకర్ అన్నారు. ఆయన ఊరు అన్నాడా, ఇంకేమైనా అన్నాడా?

మాస్టారు: ఊరు అనలేదు. ఒకే తీరు ప్రాంతం అన్నాడు. ఒకే రకం నేల, ఒకే రకం నీటి వసతి, ఒకే రకం కష్టం ఉన్న చేలన్నీ ఒక గుంపు. అప్పుడు ఒకరికి నష్టమైతే పక్కవారికీ నష్టమవుతుంది, సగటు అందరికీ దగ్గరగా ఉంటుంది.

రైతు: మరి రెవెన్యూ పొలిమేర ఎవరు పెట్టారు? మా ఊరి పల్లపు చేలకీ, పక్కూరి పల్లపు చేలకీ మధ్య గట్టు తప్ప ఏం లేదు. అదే మురుగు కాలువ, అదే తూటాకు, అవే నీళ్లు. మా మెరక చేలకీ మా పల్లానికీ మాత్రం ఏ పోలికా లేదు. మెరకలోవాళ్లు వాన వెలిసిన రెండో రోజు మినుములు చల్లుకుంటారు, మేం వారం దాకా చేలోకి దిగలేం. మమ్మల్ని కలిపి కూడడం దగ్గరే తప్పు జరిగింది. భాగహారం దగ్గర కాదు.

మాస్టారు: అదే నేనూ అంటున్నా. సగటు తప్పు కాదు.

రైతు: మీరు సగటు తప్పు కాదని ఆగిపోతున్నారు. నేను కూడింది ఎవరిని అని అడుగుతున్నాను. రెండూ ఒకటి కాదు మాస్టారూ. మీరు ఆగినచోటే ఆఫీసువాళ్లూ ఆగారు.

మాస్టారు: ...సరే. అయితే పదహారు కోతలు అడుగుదామంటావా? అర్జీ నేను రాస్తాను.

రైతు: పదహారు ఎందుకండీ? ఊరి చేలు రెండు వాటాలుగా పేరు చెప్పి విడదీయమనండి, మెరక, పల్లం. మురుగు కాలువ మట్టం ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఉంటుంది, గీత గియ్యడం కష్టం కాదు. మెరకలో నాలుగు, పల్లంలో నాలుగు. మొత్తం ఎనిమిది. దేని సగటు దానికే. ఆ ఎనిమిది అంకెలూ రైతు సేవా కేంద్రం గోడ మీద రాయమనండి, సగటు ఒక్కటే కాదు.

మాస్టారు: పుస్తకాల్లో దీన్ని పొరలుగా విడదీసి నమూనా తీయడం అంటారు. చెదురు ఎక్కువ ఉన్నచోట కోతలు పెంచడం కన్నా ముందు చెయ్యాల్సింది ఇదే. నాకు తట్టలేదు, నీకు తట్టింది.

రైతు: నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మాకు తెలుసు కదండీ. రాయండి. మొదటి వాక్యంలో సగటు రైతులం అని మాత్రం పెట్టకండి. పల్లపు చేల కౌలు రైతులం అని రాయండి. తర్వాత ఆ నాలుగు అంకెలూ వరసగా వెయ్యండి, పది ముందు.